కొండ చంకలో వూరు

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లీహై అనే నది మెలిక తిరిగే చోట, కొండల నడుమ ఒక చిన్న వూరు వుంది. జనాభా అయిదు వేలకు లోపే. మన లెక్కలో ఒక మేజరు పంచాయితీ అనుకోండి. అంత చిన్న వూరికి రెండు పేర్లు. 1954 దాకా దాని పేరు మాక్ చంక్. ఆ తరవాత జిమ్ థోర్ప్. మొదటి పేరు ఎలుగుబంటిది, రెండో పేరు మనిషిది. రెండింటికీ నడుమ వున్నది బొగ్గు.

ఆ నేల మీద మొదట బతికిన లెనాపే జాతివారి భాషలో మాక్ చంక్ అంటే ఎలుగుబంటి కొండ అని అర్థమట. వూరికెదురుగా నది అవతల వున్న గుండ్రటి కొండ పడుకున్న ఎలుగులా వుంటుందని అలా పిలిచారంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునే వాణ్ణి కనక నాకు మాత్రం ఆ పేరు వినగానే వేరే అర్థం తోచింది. చంటిపిల్లను తల్లి చంకనెత్తుకున్నట్టు, ఆ వూరిని కొండ నిజంగా చంకనెత్తుకునే వుంది. ఇళ్ళన్నీ ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఇరుకు లోయలోకి పాక్కుంటూ పోతాయి. వీధిలో నిలబడి తల ఎత్తితే ఆకాశం ఒక ధోవతి వెడల్పున కనపడుతుంది.

రెండేళ్ళ కిందట దసరా సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకుని, న్యూజెర్సీలో వున్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. అక్టోబరు మాసంలో అక్కడి తెలుగు కుటుంబాలకు ఒక ముచ్చట వుంది. ఆకులు రాలే ముందు చెట్లు రంగు మారతాయి కదా, ఆ రంగులు చూడడానికి కారు వేసుకుని కొండలకు పోతారు. మా చెల్లెలు, బావ, పదమూడేళ్ళ మేనకోడలు, నేను, నలుగురం పులిహోర డబ్బాతో సహా బయలుదేరాం. దాదాపు రెండు గంటల దారి. మన వైపు ఫాల్గుణంలో మోదుగులు పూసినప్పుడు అడవి ఎలా వుంటుందో, అక్కడ కొండ కొండంతా అలా వుంది. కాకపోతే మనకు పువ్వు ఎరుపు, వాళ్ళకు ఆకు ఎరుపు.

వూళ్ళో బ్రాడ్వే అని ఒకటే పెద్ద వీధి. దానికిరువైపులా రాతి ఇళ్ళు, రంగు రంగుల కిటికీలు, కాఫీ దుకాణాలు, పాత సామాన్ల దుకాణాలు. అలాంటి పాత సామాన్ల దుకాణం ఒకదానిలో మా చెల్లెలి కన్ను ఒక పటం మీద పడింది. మూరెడు పొడుగు, జానెడు పైచిలుకు ఎత్తు. కింద అచ్చువేసినవారి పేరు వుండవలసిన అంచును ఎవరో చట్రానికి సరిపోవడం కోసం కత్తిరించేశారు. సుమారు 1900 నాటిదని దుకాణం పెద్దమనిషి చెప్పాడు.

ఎదుటి కొండ మీద నుంచి చూసినట్టుగా వుంది ఆ పటంలో వూరు. కింద నీలం కలిసిన వెండి రంగులో నది. దాని పక్కనే కాలవ. రెండు ఒడ్డులా రైలు పట్టాలు. గుడి శిఖరం, గడియారపు గోపురంతో కోర్టు కచేరి, గట్టు మీద ఒక కోటలాంటి మేడ. వెనక పచ్చటి కొండ. ఆ కొండ మీద పాపిట తీసినట్టు పైనుంచి కిందికి తిన్నగా ఒక గీత. ఆకాశం లేత గులాబి రంగు. ఒక చిన్న రైలుబండి బొమ్మరిల్లు ముందు పెట్టిన ఆటవస్తువులా నిలబడి తెల్లటి పొగ వదులుతున్నది. చూస్తే మనసుకు హాయిగా వుంది.

"కొత్త ఇంటి హాలులోకి ఇది కుదురుతుంది అన్నయ్యా," అంది మా చెల్లెలు.

వెల నూట నలభై డాలర్లు. నేను వెంటనే రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకున్నాను. మా బావ నవ్వి, "ఇక్కడ పాతికేళ్ళుంటే ఆ జబ్బు పోతుంది బావా," అన్నాడు. రాత్రికి అక్కడే బస కనక రేపు చూద్దామనుకుని, పటానికి ఫోనుతో ఒక ఫోటో మాత్రం తీసుకుని బయటికి వచ్చాం.

అలాంటి పటాలు ఎలా తయారయ్యేవో చెబితే పాఠకులకు వేడుకగా వుంటుంది. వాటిని ఫోటోక్రోములంటారు. ఆ విద్య పుట్టింది స్విట్జర్లండులో. జూరిక్ నగరంలో ఓరెల్ ఫ్యూస్లి అనే ముద్రణాలయంలో పనిచేసే హాన్స్ యాకోబ్ ష్మిడ్ అనే ఆయన 1880లలో దాన్ని కనిపెట్టాడు. 1890ల చివర డెట్రాయిట్ నగరంలోని ఒక కంపెనీ అమెరికాలో ఆ పద్ధతి వాడుకునే హక్కు సంపాదించింది. కెమెరా తీసేది నలుపు తెలుపు ఫోటోయే. సున్నపురాతి పలక మీద తారు జాతికి చెందిన బిట్యుమెన్ పూత పూసి, పైన నెగెటివు పెట్టి వెలుతురు చూపిస్తారు. వెలుతురు సోకినచోట పూత గట్టిపడుతుంది. సోకనిచోట కరిగించి కడిగేస్తారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. తక్కువలో తక్కువ ఆరు రాళ్ళు, ఒక్కొక్కప్పుడు పదికి మించి. ఒకే కాగితం అన్ని రాళ్ళ కిందా నలిగి, చివరకు కొండ పచ్చగా, ఆకాశం గులాబిగా బయటికి వస్తుంది.

ఇందులో వున్న తమాషా ఏమిటంటే, రంగు వేసేవాడు ఆ వూరు చూడనక్కరలేదు. కొండ పచ్చగా వుండాలి, నీరు నీలంగా వుండాలి, ఇంటి కప్పు ఎర్రగా వుండాలి అన్నది అచ్చు గదిలో కూర్చుని తేల్చే సంగతి. వూరు నిజంగా ఏ రంగులో వుందో, దాని మీద ఎంత నుసి పడిందో ఆ రాళ్ళకు పట్టదు.

మర్నాడు పొద్దున ఇల్లందు నుంచి అమ్మ ఫోను చేసింది. మనకు అది దీపాలు పెట్టే వేళ. మా చెల్లెలు రాత్రే ఆ ఫోటో పంపించింది. అమ్మ దాన్ని పెద్దది చేసి, మూలమూలలా చూసినట్టుంది.

"ఏందిరా ఇది? బొగ్గూరంటిరి. బొగ్గేది?" అంది.

అమ్మ అడిగితే అడిగిందని వూరుకోవడానికి లేదు. ఆ మాట అడిగే హక్కు ఆమెకుంది. ఆమె తండ్రి, అంటే మా తాత, ఇల్లందు బొగ్గుబాయిలో తట్టా చెమ్మాసు పట్టిన మనిషి. చెమ్మాసుతో బొగ్గు ఎత్తి, తట్టతో మోసి టబ్బులు నింపడం ఆయన పని. ఇల్లందు దగ్గర బొగ్గున్నదని 1871లో భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ దొర కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కు పొందింది. 1889లో బొగ్గు బయటికి రావడం మొదలైంది. బొగ్గు కోసమే డోర్నకల్లు నుంచి రైలుదారి వేశారు. మా వైపు పాతవాళ్ళకు ఇల్లందు కంటే బొగ్గుట్ట అన్న పేరే నోటికి దగ్గర. ఆ పక్క వూరి పేరుతో 1920 నుంచి నడుస్తున్నదే సింగరేణి సంస్థ. ఇప్పుడు సింగరేణిలో చాలా భాగం ఓపెన్ కాస్టు గనులు, పెద్ద యంత్రాలు. మా తాత నాటిది వేరు. భూమిలోకి నడిచి దిగవలసిందే.

"మీ తాత బాయి నుంచి వచ్చే యాళకు మీ అమ్మమ్మ కాగుతో నీళ్ళు పెట్టేది. మొదటి చెంబు నల్లగ దిగేది, రెండో చెంబు నల్లగ దిగేది. ఎన్నో చెంబుకో గాని మా నాయిన మొగం కనపడేది కాదు. గీ బొమ్మల ఒక్క మొగం గూడ లేదు. ఆ బొగ్గు తవ్వినోళ్ళు యాడుంటరో చూసిరాపోండి," అని ఫోను పెట్టేసింది.

మా బావ కారు తాళాలు తీశాడు. ఆకులు చూడడానికి వచ్చినవాళ్ళం ఆ పూట బొగ్గు వెతకడానికి బయలుదేరాం.

ముందు ఆ వూరు ఎలా పుట్టిందో చెప్పాలి. 1791లో ఫిలిప్ గిండర్ అనే వేటగాడు, వూరికి పడమటగా తొమ్మిది మైళ్ళ దూరంలో, సమ్మిట్ హిల్ అనే గట్టు మీద నడుస్తుంటే నల్లరాయి కాలికి తగిలిందని కథ. అది ఆంత్రసైటు. మన ఇల్లందు బొగ్గు లాంటిది కాదు. రాయిలా గట్టిగా వుంటుంది, అద్దంలా మెరుస్తుంది, పొగ దాదాపు రాదు. ఒకటే చిక్కు, అంత తొందరగా అంటుకోదు. ఫిలడెల్ఫియాలో ఇనుపతీగ కార్ఖానా నడుపుతున్న జోసయా వైట్ అనే ఆయన పనివాళ్ళు ఒక రాత్రంతా దాన్ని వెలిగించడానికి కుస్తీపట్టి, విసిగిపోయి, కొలిమి తలుపు వేసి ఇళ్ళకు పోయారట. ఒకడు మరిచిపోయిన కోటు కోసం అరగంట తరవాత తిరిగి వస్తే కొలిమి తలుపు ఎర్రగా కాగిపోతున్నది! కెలకకుండా వదిలేస్తేనే ఆ బొగ్గు మండుతుందని అప్పుడు తెలిసింది. కొందరు విద్యార్థుల విషయంలో నాకూ ఇదే అనుభవం.

ఆ వైటు, ఆయన భాగస్వామి ఎర్స్కిన్ హజార్డు కలిసి లీహై నదిని పడవలకు వీలుగా మలిచారు. 1820లో వాళ్ళు ఫిలడెల్ఫియాకు పంపిన బొగ్గు 365 టన్నులు. ఏడాదికి రోజుకొక టన్ను చొప్పున అన్నమాట. అప్పటి బజారుకు అదే ఎక్కువైందని చెబుతారు. 1827లో గట్టు మీద గని నుంచి నది ఒడ్డుకు తొమ్మిది మైళ్ళ పొడుగున పట్టాలు వేశారు. ఇంజను లేదు. బొగ్గు నింపిన బళ్ళు వాలులో వాటంతటవే దొర్లుకుంటూ అరగంటలో దిగేవి. ఖాళీ బళ్ళను కంచరగాడిదలు మూడు నాలుగు గంటలు లాగి పైకి చేర్చేవి. మళ్ళీ దిగేటప్పుడు ఆ కంచరగాడిదలు కూడా ఒక బండిలో ఎక్కి, గడ్డి నములుతూ దర్జాగా దిగేవి. ఆ సుఖం మరిగిన తరవాత దిగుడుదారిలో నడవమంటే ససేమిరా అనేవట. మా మేనకోడలు ఈ కథ విని నవ్విన నవ్వుకు పక్కవాళ్ళు తిరిగి చూశారు.

1840లలో కొండ మీద ఆవిరి యంత్రాలు పెట్టి, ఇనుప పట్టీలతో బళ్ళను పైకి లాగే ఏర్పాటు చేశారు. పటంలో కొండకు పాపిట తీసినట్టున్న గీత అదే. సుమారు 660 అడుగుల ఎత్తు ఒక్క లాగుడులో ఎక్కించేది. 1872లో సొరంగం తవ్వి రైలు వేయడంతో బొగ్గుకు ఆ దారి అక్కరలేకపోయింది. అప్పుడు దాని మీద మనుషులను ఎక్కించి డబ్బు చేసుకున్నారు. వేలాది మంది వేడుకకు వచ్చి కేకలు పెడుతూ దిగేవారు. 1884లో న్యూయార్కు కోనీ ఐలండులో థాంసన్ అనే ఆయన ఇలా వాలులో దొర్లే బండినే వినోదంగా పెట్టి అయిదు సెంట్లు వసూలు చేశాడు. ఈనాడు మన పిల్లలు ఎగ్జిబిషన్లలో ఎక్కే రోలర్ కోస్టరుకు ముత్తాత ఆ బొగ్గుబండి. 1930లలో ఆ పట్టాలు పాత ఇనుముకు పోయాయి. ఇప్పుడు అక్కడ కాలిబాట మాత్రం మిగిలింది.

పటంలో గట్టు మీద కనిపించే మేడ ఆసా పాకర్ అనే ఆయనది. 1861 నాటి కట్టడం. ఆయన కాయకష్టం మీద పైకి వచ్చిన వడ్రంగి. తరవాత కాలవ మీద పడవలు నడిపాడు, పడవల నుంచి రైలుదారికి, రైలుదారి నుంచి కోట్లకు ఎక్కాడు. 1865లో అయిదు లక్షల డాలర్లిచ్చి లీహై విశ్వవిద్యాలయం పెట్టించాడు. మేడలో చెక్కిన కలప, గాజు దీపాలు చూసి మా చెల్లెలు ముగ్ధురాలైంది. నేనూ కాలేదంటే అబద్ధమే. అయితే పటంలో బొగ్గెక్కడన్న అమ్మ ప్రశ్నకు ఆ మేడలో సగం జవాబు దొరికింది. ఆ వూళ్ళో బొగ్గు తవ్వలేదు. బొగ్గు అక్కడికి దిగేది, పడవలు రైళ్ళు ఎక్కి పోయేది, దాని డబ్బు మాత్రం అక్కడ నిలిచేది. తవ్వినవాళ్ళు కొండ వెనక వుండేవారు. ఎదుటి కొండ మీద కెమెరా పెడితే పడేది డబ్బు నిలిచిన వూరు.

బ్రాడ్వే వెంట పైకి నడిస్తే వీధి ఒక మలుపు తిరుగుతుంది. ఆ మలుపు అవతల కోటగోడలాంటి రాతి కట్టడం. అది పాత జైలు. 1995 దాకా ఖైదీలున్నారు. తరవాత దాన్ని చూడవచ్చేవారికి తెరిచారు. పటంలో అదీ లేదు, మలుపు వెనక పడిపోయింది.

1877 జూన్ 21న ఆ జైలులో నలుగురిని ఒకే రోజు ఉరితీశారు. అదే రోజు పాట్స్‌విల్ అనే మరో బొగ్గు పట్టణంలో ఆరుగురిని ఉరితీశారు. తరవాతి రెండేళ్ళలో మొత్తం ఇరవై. వీరిని మాలీ మగ్వైర్లు అన్నారు. ఐర్లండు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి గనుల్లో చేరినవారిలో కొందరు రహస్యంగా జట్టు కట్టి, గని అధికారులను చంపుతున్నారని అభియోగం. హత్యలు జరిగిన మాట నిజం. కాని ఆ హత్యలు ఎవరు చేశారని తేల్చిన తీరే ఇప్పటికీ వివాదం. ఒక రైలు, బొగ్గు కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ గోవెన్ పింకర్టన్ అనే ప్రైవేటు గూఢచారి సంస్థను నియమించాడు. వాళ్ళ మనిషి మక్‌పార్లండ్ మారుపేరుతో పనివాళ్ళలో కలిసి తిరిగి కోర్టులో సాక్ష్యం చెప్పాడు. ప్రభుత్వం తరఫున వాదించినవారిలో బొగ్గు కంపెనీల వకీళ్ళున్నారు. ఒకాయన సైనిక దుస్తుల్లో వచ్చి మరీ వాదించాడు. అంటే ఫిర్యాదు, పరిశోధన, వాదన, మూడింటిలోనూ బొగ్గు చేయి వున్నది. వందేళ్ళ తరవాత, 1979లో, ఉరితీయబడ్డ వారిలో ముఖ్యుడైన జాక్ కెహోకు పెన్సిల్వేనియా గవర్నరు క్షమాభిక్ష ప్రకటించాడు. మనిషి పోయి అప్పటికి నూరేళ్ళు. షెర్లాక్ హోమ్స్ కథలు ఇష్టమైన పాఠకులకు ఒక సంగతి: కోనన్ డాయిల్ రాసిన 'వ్యాలీ ఆఫ్ ఫియర్' నవలకు ఆధారం ఈ వ్యవహారమే.

జైలులో పదిహేడో నంబరు గది గోడ మీద ఒక అరచేతి ముద్ర వుంది. అలెగ్జాండర్ కాంబెల్ అనే ఖైదీ ఉరికి పోతూ నేల మట్టి అరచేతికి రాసుకుని గోడకు కొట్టి, నేను నిర్దోషిని, ఈ గుర్తు చెరగదు అన్నాడని చెబుతారు. కడిగినా, సున్నం కొట్టినా మళ్ళీ కనపడుతుందట. ముద్ర వేసింది ఆయన కాదు, మరుసటి ఏడు ఉరితీసిన థామస్ ఫిషర్ అని మరికొందరంటారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. గది చీకటిగా వుంది, ముద్ర మసగ్గా వుంది. మా మేనకోడలు తన అరచేయి విప్పి చూసుకుని, ఏమీ అనకుండా మా చెల్లెలి చేయి పట్టుకుంది.

అక్కడి నుంచి కొండ వెనక్కి, లాన్స్‌ఫర్డ్ అనే వూరికి పోయాం. అక్కడ తొమ్మిదో నంబరు గని వుంది. 1855లో తెరిచి 1972లో మూశారు. ఇప్పుడు చూడవచ్చేవారిని చిన్న రైలుపెట్టెల్లో కూర్చోబెట్టి 1,600 అడుగులు కొండ కడుపులోకి తీసుకుపోతారు. లోపలికి పోగానే చలి, చెమ్మ, నీటి చుక్కల చప్పుడు. ఒక్క క్షణం దీపాలు ఆర్పి చూపించారు. చీకటి అంటే ఏమిటో నాకు తెలుసనుకునేవాణ్ణి. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయిన చీకటి అది. మా తాత రోజూ అందులోకి దిగాడన్న సంగతి చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ క్షణంలో మాత్రం అది నా ఒంటికి తగిలింది.

బయటికి వచ్చాక మా బావ ఫోనులో పాత ఫోటోలు కొన్ని చూపించాడు. 1911 జనవరిలో లూయిస్ హైన్ అనే ఆయన అక్కడికి ఉత్తరాన పిట్‌స్టన్ ప్రాంతంలో తీసినవి. గని నుంచి వచ్చిన బొగ్గులోంచి రాళ్ళు ఏరే పిల్లల ఫోటోలవి. బొగ్గు వాగులా పారుతుంటే, దాని మీదుగా వేసిన పలకల మీద వరసగా, వంగి కూర్చున్న పిల్లలు. మొహాల నిండా మసి. కొందరికి మా మేనకోడలి ఈడు కూడా లేదు. పిల్లలతో పని చేయించడం మానిపించాలని పోరాడే సంఘం కోసం ఆయన ఆ ఫోటోలు తీశాడు. వాటికి ఏ రంగూ లేదు. అమ్మ అడిగిన మొహాలు మాత్రం వున్నాయి.

ఇక వూరి పేరు సంగతి. ఇరవయ్యో శతాబ్దంలో ఇళ్ళలోకి చమురు, గ్యాసు వచ్చాయి. ఆంత్రసైటు అడిగేవారు తగ్గారు. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. రెండో ప్రపంచయుద్ధం తరవాత మాక్ చంక్ వూరివారు దిక్కుతోచక వారానికి అయిదు సెంట్ల చొప్పున చందా వేసుకుని, ఏదైనా పరిశ్రమ తెప్పిద్దామని చూశారు. ఆ సమయంలో, 1953లో, జిమ్ థోర్ప్ చనిపోయాడు. ఆయన సాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసి జాతివాడు, ఓక్లహామా ప్రాంతం మనిషి. 1912 స్టాక్‌హోం ఒలింపిక్సులో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచిన వీరుడు. అంతకు ముందు కొద్ది డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న కారణాన మరుసటి ఏడే పతకాలు లాక్కున్నారు. సొంత రాష్ట్రంలో సమాధికి ఏర్పాట్లు కుదరక ఆయన భార్య వేరేచోటు వెతుకుతుంటే మాక్ చంక్ వారు ముందుకు వచ్చారు. సమాధి కట్టిస్తాం, వూరికి ఆయన పేరే పెట్టుకుంటాం అన్నారు. 1954లో మాక్ చంక్, ఈస్ట్ మాక్ చంక్ ఒకటై జిమ్ థోర్ప్ అయ్యాయి. ఎప్పుడూ కలిసి బతకని మనిషి, ఎప్పుడూ చూడని వూరు! తండ్రిని తమ వారి నేలకు తీసుకుపోతామని కొడుకులు కోర్టుకెక్కారు. 2014లో అప్పీలు కోర్టు వూరి పక్షాన తీర్పు చెప్పింది, 2015లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. పతకాల మాటకు వస్తే, 2022లో గాని ఆయన ఒక్కడే విజేత అని ఒలింపిక్ సంఘం మళ్ళీ రాయలేదు.

వూరివారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. బొగ్గు పోయిన తరవాత వాళ్ళకు అమ్ముకోవడానికి మిగిలింది పేరు ఒక్కటే. కాని ఒక ఆదివాసి జాతి పెట్టిన పేరు తీసి ఇంకొక ఆదివాసి పేరు పెట్టిన ఆ వూళ్ళో, నేను తిరిగిన ఆ రెండు రోజుల్లో బొగ్గు లోకపు మామూలు మనుషుల పేర్లు ఎన్ని నా చెవిన పడ్డాయా అని లెక్క వేసుకున్నాను. కాంబెల్, డోనహ్యూ, డాయిల్, కెల్లీ. నలుగురూ ఉరికంబం ఎక్కినవారే. తక్కిన వేలాది మందిలో ఒక్కడి పేరూ నేను వినలేదు. ఉరిపడితే గాని పేరు మిగలని బతుకులు!

సాయంత్రం దుకాణానికి తిరిగి వెళ్ళాం. కొనాలా వద్దా అని మా చెల్లెలు తటపటాయిస్తున్నది. పొద్దుటిదాకా ముచ్చటగా కనిపించిన గులాబి ఆకాశం ఇప్పుడు ఆమెకు నచ్చడం లేదు. అప్పుడు నాకు ఒక విషయం గుర్తుకు వచ్చింది. 1856లో లండనులో పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రవాడు బొగ్గు తారు నుంచి కొయినా తయారు చేయబోతే, కొయినాకు బదులు వూదారంగు వచ్చింది. తారు నుంచి రంగులు తీసే పరిశ్రమ అక్కడ మొదలైంది. 1897లో జర్మనీలో తారు నుంచే తీసిన నీలిరంగు బజారులోకి వచ్చి, మన దేశంలో నీలిమందు పండించే రైతు పొలం మీద దెబ్బ కొట్టింది. 1900 నాటికి అచ్చు సిరాలలో తారు నుంచి పుట్టిన రంగులు మామూలైపోయాయి. చంకలో పిల్లను పెట్టుకుని వూరంతా వెతికినట్టు, పటంలో బొగ్గేదని మేం రోజల్లా వెతికాం. ఆ మేడ బొగ్గు, ఆ పట్టాలు బొగ్గు, ఆ రంగుల్లో ఎన్ని బొగ్గులోంచి వచ్చాయో! పటంలో లేనిది మనుషులే.

ఆ మాట చెబితే మా చెల్లెలు కాసేపు ఆలోచించి అమ్మకు ఫోను చేయబోయింది. ఇల్లందులో తెల్లవారుజామని నేనే ఆపాను. పటం కొనుక్కుని వచ్చాం. మర్నాడు అమ్మకు అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాం. జైలు గోడ మీద చేయి సంగతి చెప్పినప్పుడు "అయ్యో" అంది. రాళ్ళు ఏరే పిల్లల సంగతి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

"ఇంతకీ గోడకు పెట్టుకోమంటావా, వద్దంటావా?" అని చెల్లెలు అడిగింది.

"పెట్టుకోండి. మంచిగనే వుంది. వచ్చినోళ్ళకు మాత్రం కొండెనక సంగతి చెప్పండి," అంది అమ్మ.

పటం ఇప్పుడు న్యూజెర్సీలో మా చెల్లెలి ఇంటి హాలులో వుంది. భోజనాలకు వచ్చినవారెవరైనా బాగుందని మెచ్చుకుంటే, కొండ వెనక సంగతి చెప్పే బాధ్యత మా బావ తీసుకున్నాడు. తాత సంగతితో మొదలుపెట్టి జైలు దాకా చెబుతాడట. కంచరగాడిదల ఘట్టం దగ్గర మాత్రం ఇప్పటికే ఒకటి రెండు కల్పనలు చేర్చాడని మా మేనకోడలి ఫిర్యాదు.